బెల్ట్ కొత్తది, కిచకిచ పాతదే. ఇంకేం చూడాలి?

పదకొండేళ్ల డీజిల్ (ప్రశ్న)

పొద్దున కారు స్టార్ట్ చేయగానే బోనెట్ కింద పిట్ట దూరినట్టు కిచ్... కిచ్... కిచ్ అంటోంది. ఇంజన్ వేడెక్కాక కాస్త తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ హోరులో కలిసిపోతుంది.

నెల క్రితం ఫ్యాన్ బెల్ట్ మార్పించాను. అలవాటు కొద్దీ ఫ్యాన్ బెల్ట్ అంటున్నాను కానీ నా కారులో ఫ్యాన్ కరెంటుది. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్, ఏసీ కంప్రెసర్, పవర్ స్టీరింగ్ పంప్, మూడింటినీ తిప్పేది ఆరు రిబ్‌ల (లోపలి వైపు పొడవునా ఉండే గట్ల) బెల్ట్ ఒక్కటే. పన్నెండు రోజులు చప్పుడు లేదు, తర్వాత మళ్లీ మొదలు. మెకానిక్ బెల్ట్ మీద ఏదో స్ప్రే కొట్టాడు. రెండు రోజులు నోరు మూసుకుంది, మూడో రోజు ఇంకా గట్టిగా అరిచింది. ఇప్పుడు టెన్షనర్ (బెల్ట్‌ను బిగువుగా పట్టి ఉంచే పుల్లీ) మార్చాలంటున్నాడు, అది కాకపోతే స్టీరింగ్ పంప్ అట. ఇలా ఒక్కోటీ మార్చుకుంటూ పోవడమేనా? ఆల్టర్నేటర్ ఆర్నెల్ల క్రితమే మార్చారు కాబట్టి దాని మీద అనుమానం లేదు.

రాత్రి డ్రైవింగ్

నాకూ ఇలాగే అయితే టెన్షనర్ మార్చాక పోయింది. మార్చేయండి, ఆలోచించకండి.

స్పానర్ పట్టిన చెయ్యి

ఆలోచించాలి సార్. పైవారి టెన్షనర్ నిజంగానే పోయి ఉండొచ్చు. మీది పోయిందని ఎవరు చూశారు?

ముందు చప్పుడును సరిగ్గా వినండి. కీ...చ్‌మని సాగుతూ, ఏసీ వేసినా స్టీరింగ్ చివరిదాకా తిప్పినా పెరిగేది ఒక రకం. అది బెల్ట్ పుల్లీ మీద జారుతున్న చప్పుడు. తాళం వేసినట్టు కిచ్ కిచ్ అని ముక్కలుగా వచ్చేది ఇంకో రకం. అక్కడ పుల్లీలు ఒక వరసలో లేవు, బెల్ట్ పక్కవాటంగా గాడిలో దిగుతోంది. గరగరమని తిరగలి తిప్పినట్టు వస్తే బేరింగ్. మీరు రాసింది చూస్తే రెండోది.

నీళ్లతో తేల్చుకోవచ్చు. ఇంజన్ ఐడిలింగ్‌లో ఉండగా, చేతులూ చొక్కా అంచులూ దూరంగా పెట్టుకుని, బెల్ట్ రిబ్‌ల వైపు కాసిని నీళ్లు చిమ్మండి. చప్పుడు ఆగి, తడి ఆరగానే మళ్లీ వస్తే వరస తప్పింది. నీళ్లు పడగానే ఇంకా ఎక్కువైతే టెన్షన్ చాలడం లేదు. ఏ తేడా రాకపోతే బెల్ట్ తీసి ఇంజన్‌ను అర నిమిషం మాత్రం నడపండి. చప్పుడు పోయిందంటే బెల్ట్ తిప్పేవాటిలోనే ఏదో ఒకటి. ఇంజన్ ఆపి, పుల్లీలను ఒక్కొక్కటిగా చేత్తో తిప్పి చూడండి. గరుకుగా తగిలినా, ఇటూ అటూ ఊగినా దొంగ దొరికినట్టే. ఆల్టర్నేటర్ పుల్లీ క్లచ్ ఉండే రకమైతే ఒక వైపు తిప్పినప్పుడే లోపలి రోటర్ కూడా తిరగాలి, రెండో వైపు పుల్లీ ఒక్కటే తిరగాలి.

ఇక ఆ స్ప్రే. మా షెడ్‌లో దాన్ని నేను అడుగుపెట్టనివ్వలేదు. నొప్పి మాత్ర వేసి విరిగిన కాలితో నడిపించడం లాంటిది. పైగా ఆ జిగురుకి దుమ్ము అంటుకుంటుంది.

అనుమానం లేదన్నారే, ఆ ఆల్టర్నేటర్ మీదే నా అనుమానం. విప్పి బిగించిన చోటే వరస తప్పేది. బెల్ట్ తీసినప్పుడు సన్నటి తిన్నని రాడ్డు ఒకటి క్రాంక్ పుల్లీ (బెల్ట్‌ను తిప్పే ఇంజన్ పుల్లీ) గాడిలో ఆనించి, దాని కొన ఆల్టర్నేటర్ పుల్లీలో ఎక్కడికి వస్తుందో చూడండి. పుల్లీల అంచులు కొలిస్తే మోసపోతారు, అంచులు అన్నిటికీ ఒకేలా ఉండవు. గాడికి గాడి కలవాలి.

పదకొండేళ్ల డీజిల్

నీళ్లు చిమ్మగానే నిశ్శబ్దం. పది, పదిహేను సెకన్లకు పిట్ట తిరిగొచ్చింది. ఆదివారం బెల్ట్ తీశాను. టెన్షనర్, ఐడ్లర్ (బెల్ట్‌కు దారి చూపే ఉత్త పుల్లీ) రెండూ నున్నగా తిరుగుతున్నాయి. రాడ్డు పెట్టి చూస్తే కొన ఆల్టర్నేటర్ గాడిలో పడలేదు, పక్క గట్టు మీద కూర్చుంది. దాదాపు 3 మిల్లీమీటర్లు. ఆ పుల్లీ చుట్టూ నల్లటి రబ్బరు పొడి కూడా ఉంది, ఇన్నాళ్లూ మురికి అనుకున్నాను.

బోల్టు విప్పితే సంగతి బయటపడింది. బ్రాకెట్‌కూ ఆల్టర్నేటర్ చెవికీ మధ్య ఉండాల్సిన మందపాటి వాషర్‌ను బోల్టు తల కింద వేసి బిగించారు! బోల్టు బిగిసింది, వాషర్ మిగల్లేదు, ఎవరికి అనుమానం వస్తుంది? దాని చోటికి మార్చాక రాడ్డు గాడిలో దిగింది. నాలుగు రోజులైంది, చప్పుడు లేదు. 3 మిల్లీమీటర్లకే ఇంత గొడవా?

స్పానర్ పట్టిన చెయ్యి

రెండు పుల్లీల మధ్య 300 మిల్లీమీటర్లు ఉంటే, 3 మిల్లీమీటర్ల తేడా అంటే అర డిగ్రీ దాటిన వంకర. కిచకిచకు అది చాలు. మీ కొత్త బెల్ట్ పన్నెండు రోజులు ఊరుకుందంటే రిబ్‌లు అరగని కొత్తదనం వల్లే.

ఇప్పుడా బెల్ట్‌ను తిప్పి రిబ్‌ల అంచులు చూడండి. ఒక వైపే నునుపుగా మెరుస్తుంటే మార్చేయండి, ఆ అరుగుదలే మళ్లీ చప్పుడు తెస్తుంది. పగుళ్లు లేవు కదా అని ఉంచుకోకండి. ఇప్పటి ఈపీడీఎం రబ్బరు పాత నియోప్రీన్‌లా తొందరగా పగలదు, టైరులా అరుగుతుంది. కొత్తది వేసేముందు పుల్లీ గాడుల్లోని స్ప్రే జిగురును సబ్బునీళ్లతో, ప్లాస్టిక్ బ్రష్‌తో కడిగి ఆరనివ్వండి. పైనున్న గొట్టాల్లో కూలెంట్ గానీ ఆయిల్ గానీ కారుతోందేమో కూడా చూడండి, ఒక్క చుక్క పడ్డా బెల్ట్ మళ్లీ పాట అందుకుంటుంది. బెల్ట్ ఎక్కించాక ఆరు రిబ్‌లూ ప్రతి పుల్లీలో కూర్చున్నాయో లేదో వేలితో తడిమి చూశాకే తాళం తిప్పండి. ఒక రిబ్ బయటికి జారి ఉండటం కంటికి కనబడదు.

రాత్రి డ్రైవింగ్

ఇదంతా చదివాక నా పాత టెన్షనర్‌ను డిక్కీలోంచి తీసి తిప్పి చూశాను. నున్నగా తిరుగుతోంది.