పెల్లెట్‌ను 'గుళిక' అనొచ్చా?

ప్రశ్న: కోఠీలో డిగ్రీ తెలుగు మాధ్యమం పిల్లలకు మైక్రోబయాలజీ పాఠం రాస్తున్నానండీ. బూజును ద్రవంలో పెంచితే ఒక్కోసారి గుండ్రటి ముద్దలుగా పెరుగుతుంది కదా, పెల్లెట్లు అంటారు. 'గుళికలు' అని రాయనా?

జవాబు: గుళిక వద్దండీ. గుళికలంటే మందుల షాపులో దొరికేవి, లేదంటే రైతులు వరిమడిలో చల్లేవి. ఎవరో తయారుచేసి ఇచ్చిన వస్తువన్న అర్థం వస్తుంది. శామీర్‌పేట వైపు ఫర్మెంటేషన్ పనిలో ఉన్నవాడిగా నా ఓటు 'ఉండ'కు. అంతకన్నా మేలు 'ఉండ కట్టడం' అని క్రియగా వాడటం. అదే రాగిపిండి ఒకరి చేతిలో ఉండ కడుతుంది, ఇంకొకరి చేతిలో కట్టదు. బూజు కూడా పెంచే తీరును బట్టే మారుతుంది. ఆ సంగతి పిల్లలకు మాటలోనే అందాలి.

ఆస్పర్‌జిల్లస్ నైగర్ అనే నల్ల బూజునే చూడండి. మొదట వేసే సిద్ధబీజాలు (విత్తనాల్లాంటి కణాలు, స్పోర్లు) తక్కువైతే సాధారణంగా ఉండ కడుతుంది, బాగా ఎక్కువైతే విడి పోగులుగా పెరుగుతుంది. గట్టిగా కలియదిప్పితే ఉండలు చిన్నవవుతాయి, కొన్ని చిట్లిపోతాయి. పీహెచ్ మారినా రూపం మారుతుంది. అన్నిటికన్నా నాకు ఆశ్చర్యమనిపించేది మాంగనీసు. సిట్రిక్ ఆమ్లం తీసే ట్యాంకులో అది దాదాపు లేకుండా చూస్తారు. అప్పుడు పోగులు పొట్టిగా, ఉబ్బి, ఉండలుగా చేరతాయి, ఆమ్లం బాగా వస్తుంది. లీటరుకు కొద్ది మైక్రోగ్రాముల మాంగనీసు చేరినా పోగులు పొడవుగా సాగుతాయి, ఆమ్లం పడిపోతుంది.

రెండు రూపాలకూ ఇబ్బందులున్నాయి. విడి పోగులైతే ద్రవం చిక్కబడి, కలపడం కష్టమై, ఆక్సిజన్ సరిగా అందదు. ఉండలైతే ద్రవం పల్చగానే ఉంటుంది గానీ, పెద్ద ఉండ నడిమధ్యకు ఆక్సిజన్ చేరదు, అక్కడి కణాలు చచ్చిపోతాయి.

ప్రశ్న: బాగుందండీ, 'ఉండ కట్టడం' అనే రాస్తాను. విడి పోగులకు పుస్తకాల్లో ఉన్న 'శిలీంధ్రజాలం' సరిపోతుందా? స్ట్రెప్టోమైసిస్ పాఠం కూడా ఇందులోనే ఉంది.

జవాబు: స్ట్రెప్టోమైసిస్‌కు చెల్లదండీ, అది బాక్టీరియా. పోగులుగా పెరుగుతుంది కాబట్టి బూజని పొరబడతారు. మన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికా మందుల కంపెనీ లెడర్లీలో పరిశోధనలు నడిపిస్తున్న కాలంలో దొరికి, 1948లో లోకానికి తెలిసిన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇలాంటి బాక్టీరియా ఇచ్చిందే. దానికి శిలీంధ్రమన్న పేరు తగిలించడం నాకు అస్సలు ఇష్టం లేదు. 'తంతుజాలం' అంటే రెండిటికీ సరిపోతుంది. పైగా తంతుజాలం ఉండలోనూ ఉంటుంది, కాబట్టి విడి రూపాన్ని 'విడి పోగులు' అనే రాయండి.

ఇంకొక్కటి చేర్చండి. అగర్ పళ్లెం (జెల్లీలా గట్టిపడిన ఆహారం ఉన్న పళ్లెం) మీద స్ట్రెప్టోమైసిస్ గాలిలోకి పోగులు లేపి సిద్ధబీజాలు పెడుతుంది. ద్రవంలో మాత్రం చాలా జాతులు ఆ దశకే రావు.