మందారం మీద వాలే తేనెపిట్టల్లో ఆడది ఏది, మగది ఏది, పిల్ల ఏది?

ప్రశ్న (దేవరకొండ నుంచి)
పెద్దలకు నమస్కారం. మా బత్తాయి తోట గట్టున ఉన్న మందారం, మునగ చెట్ల మీదికి కార్తీకం మొదలైనప్పటి నుంచి చిన్న పిట్టలు వస్తున్నాయి. ఒకదానికి గొంతు నుంచి పొట్ట దాకా నల్లటి గీత ఉంది. ఇంకొకదానికి కింది భాగమంతా పసుపు. మూడోదానికి గొంతు తెల్లగా, రొమ్ము మాత్రం పసుపుగా ఉంది. వర్జీనియాలో ఉంటున్న మా అబ్బాయి అక్కడి హమ్మింగ్‌బర్డ్ ఫొటోలు పంపి, గొంతు మీద ఎర్రటి చుక్కలు పొడుస్తున్నది ఆ ఏడు పుట్టిన మగపిట్ట అన్నాడు. ఆ లెక్కన మా గీత పిట్ట కూడా లేత మగదేనా? తక్కినవి దాని తల్లీ, చెల్లీ అనుకోవచ్చా?

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి)
అయ్యా, హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాల్లో తప్ప మరెక్కడా లేవు. మన తేనెపిట్టలకు వాటితో దగ్గరి చుట్టరికం లేదు. మకరందం తాగి బతకడం వల్ల రూపంలో పోలిక వచ్చింది, అంతే. మీ గీత పిట్ట మగ ఊదా తేనెపిట్ట. జతకట్టే కాలంలో ఒళ్లంతా నీలి ఊదా రంగులో నిగనిగలాడే ఈ పిట్ట, ఆ కాలం ముగిశాక ఆడపిట్టలాంటి సాదా ఈకలు వేసుకుని, గొంతు కింద ఆ నల్లటి గీతను మాత్రం ఉంచుకుంటుంది. అయితే ఈకలు మార్చుకుంటున్న పిల్ల మగపిట్టకూ గొంతు నల్లబడుతుంది కనుక గీత ఒక్కటే చూసి వయసు తేల్చకండి. మడిచిన రెక్క నల్లగా ఉండి, భుజం దగ్గర నీలి మెరుపు కనిపిస్తే పెద్ద మగది అనడానికే మొగ్గు చూపుతాను.
తెల్ల గొంతుది దీని తల్లీ కాదు, చెల్లీ కాదు. అది ఊదా నడుము తేనెపిట్ట అనే వేరే జాతిలో ఆడది. ఆ జాతి మగపిట్ట ముదురు మెరూన్ వీపు, పసుపు పొట్టతో ఏడాది పొడవునా ఒకే వేషంలో ఉంటుంది.

జవాబు (అచ్చంపేట నుంచి)
పై మాటలతో ఏకీభవిస్తూనే ఒక చేర్పు. కింద అంతా పసుపుగా ఉన్నది ఆడ ఊదా తేనెపిట్ట కావచ్చు, ఆ జాతి పిల్ల కూడా కావచ్చు. ముక్కు పొట్టిగా ఉండి, నోటి మూలల్లో పసుపుపచ్చని మెత్తని అంచు కనిపిస్తే అది పిల్లే. ఫొటోలో చాలామంది వదిలేసేది సరిగ్గా ఆ మూలనే. మెరుపు రంగుల విషయంలోనూ జాగ్రత్త అవసరం: అవి ఈక నిర్మాణం మీద వెలుగు పడే కోణాన్ని బట్టి పుట్టేవి కావడంతో, మబ్బు పట్టిన పూట నీలి రెక్క కూడా ఉత్త నలుపుగానే కనిపిస్తుంది.
మీ అబ్బాయి చెప్పింది అక్కడి కెంపు గొంతు హమ్మింగ్‌బర్డ్ విషయంలో నిజమే. కానీ తోక ఈకల కొసలు తెల్లగా ఉన్నంత మాత్రాన ఆడదని అనుకోవద్దనండి. ఆ ఏడు పుట్టిన మగవాటికీ ఆ తెలుపు ఉంటుంది. పిట్టను చేత పట్టి చూసే పరిశోధకులు పై ముక్కు మీది సన్నటి గాడులను బట్టి లేతదని గుర్తుపడతారు.

ప్రశ్న వేసినవారు
కృతజ్ఞతలు. ఈ ఉదయం ఎండలో చూశాను. గీత పిట్ట భుజం దగ్గర నీలి మెరుపు స్పష్టంగా ఉంది. పసుపు పిట్ట నోటి మూల మాత్రం ఆకుల చాటున చిక్కలేదు.

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి)
అయితే గీత పిట్టను పెద్ద మగదిగా రాసుకోండి. పసుపుదాన్ని ఇప్పటికి ‘ఆడది లేదా పిల్ల’ అని ఉంచడమే సరి.