పొగమాలిన మందా, పొగమానిన మందా?

పాతకాగితం: పొగ రాని తుపాకీ మందు మీద మా పెదనాన్నగారు చదివే కంద పద్యం ఒకటి సగమే గుర్తుంది.
"పొగమాలిన మందొక్కటి
పగవానికి జాడ తెలియపరచక పేలున్"
మిగతా రెండు పాదాలు ఎవరికైనా వచ్చా? అసలది ‘మాలిన’నా, ‘మానిన’నా?

కందప్రియ: గణాలు రెంటికీ సరిపోతాయి, ఛందస్సు తీర్పు చెప్పదు. నా ఓటు ‘మానిన’కే. దిక్కుమాలిన, పనికిమాలిన, సిగ్గుమాలిన... మాలిన ఎక్కడుంటే అక్కడ తిట్టే. కవి ఇక్కడ మెచ్చుకుంటున్నాడు.

తర్కం మాస్టారు: తనకుమాలిన ధర్మం కూడా తిట్టేనా?

కందప్రియ: ఆ పేచీ వేరే మాస్టారూ.

టెక్సాస్ తూటా: ‘మాలిన’ అనే నేనంటాను. మానాలంటే ముందు అలవాటుండాలి కదా! సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన పాత మందు కాలాక సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది, పొగంతా అదే. 1884లో ఫ్రాన్సులో పాల్ వియేయ్ చేసింది దానికి మెరుగు కాదు. నైట్రోసెల్యులోజ్‌ను (నైట్రిక్ ఆమ్లంతో మార్చిన దూదిలాంటి సరుకు) ఈథర్, ఆల్కహాల్‌తో ముద్దచేసి రేకులుగా కోసిన కొత్త సరుకు. 1886 లెబెల్ తుపాకీలో వాడింది అదే. నేను ఖాళీ తూటాలు మళ్ళీ నింపుకుంటాను. రెండో ప్రపంచయుద్ధంలో మిగిలిపోయిన 4895 అనే రకం పొగలేని మందును బ్రూస్ హాడ్గ్‌డన్ అనే వ్యాపారి కొని ఇక్కడ అమెరికాలో మాలాంటి వాళ్ళకు అమ్మాడు. పౌడర్ అంటారు గానీ అది పొడే కాదండీ, గ్రాఫైట్ పూసిన బూడిదరంగు సన్నటి గొట్టపు ముక్కలు.

నీలగిరి అల్లుడు: ఇంగ్లీషువాళ్ళ పొగలేని మందు కార్డైట్‌ను మరిచారు! 1889లో ఏబెల్, డ్యూవార్ నైట్రోగ్లిసరిన్, గన్‌కాటన్ (అదీ నైట్రోసెల్యులోజే), కాస్త వాజలీన్ కలిపి సేమ్యాలా వత్తారు. మా నీలగిరుల్లో అరువంకాడులో ఉన్నది కార్డైట్ ఫ్యాక్టరీయే.

పాతకాగితం: పాత మందును పద్యంలో ‘నల్లమందు’ అనొచ్చా?

కందప్రియ: అంటే సైనికులు తుపాకీ పక్కన పడేసి మత్తులో జోగుతారు. ‘నల్లని మందు’ అనండి.

తర్కం మాస్టారు: నిప్పుండి పొగ లేకపోవడం మనవాళ్ళకు వింత కాదు. తర్కం చదివినవాళ్ళకు అయోగోళకం గుర్తుంటుంది. ఎర్రగా కాలిన ఇనుపగుండు, నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే తడికట్టె తగలాలి, ఆ అదనపు షరతునే తర్కంలో ఉపాధి అంటారు. వియేయ్ ఆ ఉపాధిని తీసేశాడు, అంతే.

వేమన పక్షం: ఇంత గోల దేనికండీ? వేమన అయితే హాయిగా ‘లేని’ అనేవాడు. ‘ఆత్మశుద్ధి లేని ఆచారమదియేల’ అన్నప్పుడు ‘శుద్ధిమాలిన’ అన్నాడా?

కందప్రియ: ఆయనది ఆటవెలది. ఇక్కడ ‘పొగలేని మందొక్కటి’ అంటే ఒక మాత్ర తగ్గి రెండో గణం విరుగుతుంది.

వేమన పక్షం: గణం విరిగినా మాట బతుకుతుందిలెండి.

టెక్సాస్ తూటా: రెండో పాదం మాత్రం దక్షిణాఫ్రికాలో ఇంగ్లీషువాళ్ళకూ బోయర్లకూ జరిగిన బోయర్ యుద్ధం వార్తలు చదివినవాళ్ళెవరో రాసుంటారు. 1899 డిసెంబరులో కొలెన్సో దగ్గర బోయర్ల మౌజర్ తుపాకులు ఎక్కణ్ణుంచి పేలుతున్నాయో ఇంగ్లీషువాళ్ళకు అంతుపట్టలేదు.

కందప్రియ: ఊహ బాగుంది, ఆధారమేదీ? మిగతా సగం నేనే పూరిస్తున్నా.
"దిగదుడుపే నల్లని మం
దు గదా..."
ఇక్కడ ఇరుక్కున్నా. ‘దు’కు యతి కుదిరే మాట కావాలి.

తర్కం మాస్టారు: ‘తుపాకి’ ఉందిగా!

కందప్రియ: కందంలో బేసి గణాల్లో జగణం రాకూడదు, ఏడో గణంలో జగణమా మాస్టారూ!