గణాంకాలకు వాడే ప్రోగ్రామింగ్ భాష ఆర్‌లో లెక్కలకు ఇంటిజర్ (పూర్ణసంఖ్యల రకం) మేలా, డబుల్ (దశాంశాలనూ పట్టే రకం) మేలా?

పలాస పద్దులు:
నేను లెక్కలు చూసే జీడిపప్పు పరిశ్రమ ఫైలును నిన్న ఆర్‌లోకి చదివించాను. ఒక కాలమ్‌లో కిలోలు, పక్క కాలమ్‌లో కిలో ధర పైసల్లో ఉన్నాయి. 40,000 కిలోలను 70,000 పైసలతో గుణిస్తే 280 కోట్ల పైసలు రావలసిన చోట ఎన్ఏ (విలువ లేదు) అని పడింది. ఇంటిజర్ అని నేను ఎక్కడా రాయలేదు. ఇలా మాట చెప్పకుండా వచ్చి చేరే రకాన్ని పక్కన పెట్టి, అన్నిటినీ డబుల్‌గా ఉంచడమే మంచిదని నా వాదన.

విజయనగరం గణాంకం:
మీరు రాయకపోయినా, దశాంశ బిందువు లేని కాలమ్‌ను, విలువలు పట్టేటంత వరకు, ఫైలును చదివే రీడ్ డాట్ సీఎస్‌వీ ఆదేశం ఇంటిజర్‌గానే తీసుకుంటుందండీ. ఆర్ ఒక్కో ఇంటిజర్‌కు 32 బిట్లే (0 లేదా 1 పట్టే గళ్లు) ఇస్తుంది, అందులో పట్టే గరిష్ఠ సంఖ్య 214,74,83,647 కాబట్టి మీ 280 కోట్లు అందులో ఇమడలేదు. అయితే అది ఎన్ఏ చూపి, వార్నింగ్ కూడా ఇచ్చి ఆగింది. తప్పుడు మొత్తాన్ని మీ చేతిలో పెట్టలేదు. డబుల్‌కు ఆ నిజాయతీ లేదు. 9,00,71,99,25,47,40,992కు 1 కలిపి చూడండి, వార్నింగ్ ఏమీ లేకుండా అదే సంఖ్య తిరిగి వస్తుంది. 17 అంకెల ఖాతా నంబర్లున్న కాలమ్‌ను ఇలా చదివిస్తే చివరి అంకెలు మారిపోయి, ఒకరి ఖాతా మరొకరిదిగా కనిపించవచ్చు. పైగా 10 లక్షల విలువలకు ఇంటిజర్ 40 లక్షల బైట్లు తీసుకుంటే డబుల్ 80 లక్షలు తీసుకుంటుంది.

పొందూరు నుంచి:
0.1ని 3తో గుణించి, 0.3తో సమానమా అని అడిగితే ఆర్ కాదంటుంది. మూడో వంతును మనం దశాంశాల్లో పూర్తిగా రాయలేనట్టే, 0.1ని అది ద్విసంఖ్యల్లో (0, 1 అంకెలతో) పూర్తిగా రాయలేదు. అందుకే డబ్బును పైసల్లో ఉంచిన పలాస వారి పద్ధతి నాకు నచ్చింది.

పలాస పద్దులు:
ఖాతా నంబరును ఎవరూ కూడరు, గుణించరు. అది అంకెలతో రాసిన పేరు కనుక దాన్ని అక్షర రకంగా చదివించాలి. ఆ ఉదాహరణతో డబుల్‌ను తప్పుపట్టడం న్యాయం కాదు. పైసలు డబుల్‌లో ఉన్నా, అవి పూర్ణసంఖ్యలైనంత కాలం మీరు చూపిన ఆ 16 అంకెల హద్దు దాకా ఒక్క పైసా తేడా రాదు. ఇంటిజర్‌ను ఇంటిజర్‌తో భాగించినా ఆర్ ఇచ్చేది డబులే. గుణకారానికి ముందు ధర కాలమ్‌ను యాజ్ డాట్ న్యూమరిక్ ఆదేశంతో డబుల్‌గా మార్చాను, 2 కోట్ల 80 లక్షల రూపాయలు సరిగ్గా వచ్చాయి.

విజయనగరం గణాంకం:
ఖాతా నంబర్ల విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. లెక్కపెట్టిన బస్తాల సంఖ్యకు మాత్రం నేను ఇంటిజర్‌నే వాడతాను, ఎందుకంటే ఆ కాలమ్‌లో పొరపాటున 12.5 పడితే రకం మారిపోయి నాకు వెంటనే తెలుస్తుంది.