‘జొరకుము’ అన్నాడా, ‘విడువుము’ అన్నాడా?

తొలకరి: ‘అప్పిచ్చువాడు వైద్యుడు’ పద్యం చివరి పాదం నాకు మొదటినుంచీ ‘చొప్పడకున్నట్టి యూరు విడువుము సుమతీ’ అనే నోటికొస్తోంది. అచ్చులో చూస్తే ‘జొరకుము’. రెండు రోజులుగా మనసు కుదుటపడలేదు. వాతావరణ మార్పు వల్ల ఊళ్లు వదిలిపోతున్నవాళ్ల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తూ, ఈ పద్యం మొదట పెడదామనుకున్నాను. ‘విడువుము’ పాఠం చూసినవారెవరైనా ఉన్నారా?

యతిమైత్రి: ఉండదండీ. గణాలకైతే రెండూ నాలుగు లఘువులే, అందుకే నోట్లో ఇమిడిపోయింది. కానీ యతి చూడండి. పాదం మొదటి ‘చొ’కు నాలుగో గణం మొదటి అక్షరం కలవాలి. ‘జొ’ కలుస్తుంది, ‘వి’ కలవదు. ఒక్క అక్షరంతో తేలిపోయింది.

పాతపుస్తకం: అది సులువైన భాగం. ‘ఊరున్’ మీద పరుషం సరళమై ‘చొ’ ‘జొ’ అయిందని కూడా చెప్పాల్సింది. అసలు చిక్కు రెండో పాదం ‘నెప్పుడు నెడతెగక బారు నేరు’ మొదటి ‘నె’లో ఉంది. ‘వైద్యుడున్ ఎప్పుడున్ ఎడతెగక’ అని విడదీసి, ‘ఎప్పుడు’ను అందరూ ఏటికి తగిలిస్తారు. ఎడతెగక అన్నాక మళ్లీ ఎప్పుడు దేనికి? అది వైద్యుడికి చెందాలని నేను చాలాకాలంగా అంటున్నాను. పిలిచినప్పుడల్లా పలికే వైద్యుడు.

ఏటిగట్టు: ఒప్పుకోను. ఎడతెగక పారడం వేరు, ఎప్పుడూ పారడం వేరు. హిమానీనదాల మీద బతికే నదుల్నే చూడండి. మంచు కరిగేకొద్దీ కొన్నేళ్లు నీరు పెరుగుతుంది, ఒక హద్దు దాటాక ఏటేటా తగ్గుతుంది. పెరిగిన ఏళ్లలో అది ఎడతెగని ఏరే. ‘ఎప్పుడు’ లేకపోతే ఆ ఏరును చూసి ఊరు కట్టుకున్నవాడు మోసపోతాడు.

తొలకరి: నా బాధ కూడా అక్కడే. ‘జొరకుము’ బయట నిలబడి ఊరు ఎంచుకునేవాడికి చెప్పిన మాట. ఆ ఊళ్లోనే పుట్టి, ఏరు ఎండటం కళ్లారా చూసినవాడికి ఈ పద్యంలో క్రియే లేదు. పేరూ లేదు. ‘వాతావరణ శరణార్థి’ అని రాద్దామంటే, 1951 శరణార్థుల ఒప్పందం జాతి, మతం, జాతీయత, సామాజిక వర్గం, రాజకీయాభిప్రాయం కారణంగా వేధింపులకు భయపడేవాళ్లకే వర్తిస్తుంది. పసిఫిక్ ద్వీపదేశం కిరిబాతి నుంచి వెళ్లిన అయోనే టెయిటియోటాకు న్యూజిలాండ్ కోర్టులు ఆ మాటే చెప్పాయి. ప్రాణాలకు ముప్పు తెచ్చే వాతావరణ పరిస్థితుల్లోకి మనుషుల్ని తిప్పి పంపడం హక్కుల ఉల్లంఘన కావచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 2020లో వెల్లడైన నిర్ణయంలో అంది గానీ, ఆయన కేసును మాత్రం ఒప్పుకోలేదు.

నిఘంటువు: ‘కాందిశీకుడు’ ఉండగా వెతుకులాట ఎందుకు? అమరకోశంలో భయంతో పరుగెత్తేవాడని అర్థం. ‘కాం దిశం’, ఏ దిక్కుకు పోను అని అడిగేవాడని వ్యుత్పత్తి. అందులో ఏ ఒప్పందం షరతులూ లేవు.

యతిమైత్రి: పరుగు ఉంటేనే ఆ మాట చెల్లుతుంది. వరుసగా పంటలు పోయి, ముందు ఒక కొడుకు, తర్వాత ఇంకొకడు కదిలే ఇంట్లో పరుగెక్కడిది? ‘వలస’ చాలు.

తొలకరి: ‘వలస’ అనగానే పనికోసం వచ్చాడని వింటారండీ. 2022లో వెలువడిన ఒక అధ్యయనంలో అమెరికా, జర్మనీ జనాన్ని అడిగితే, వాతావరణం తరిమినవాళ్లను పనికోసం వచ్చినవాళ్లకన్నా మేలుగా, శరణార్థులకన్నా తక్కువగా చూశారు. పేరును బట్టే మన్నన. ఇంకో మాట. చిత్తుప్రతిలో ‘పోటెత్తుతున్న వలసలు’ అని రాసి, రాత్రి కొట్టేశాను. పోటెత్తింది సముద్రం, మనుషులు కాదు. 2050 నాటికి 21.6 కోట్లమంది దాకా కదలవచ్చని ప్రపంచ బ్యాంకు 2021లో వేసిన లెక్క కూడా సొంత దేశాల్లోపలి కదలికదే.

పాతపుస్తకం: మీకు రెండు పద్యాలు కలిసిపోయాయని నా అనుమానం. అదే శతకంలో ‘తెప్పలుగ జెరువు నిండిన గప్పలు పదివేలు చేరు’ ఉంది కదా. అక్కడా ‘ప్ప’ ప్రాసే, అక్కడా ‘ఎప్పుడు’ ఉంది.

ఏటిగట్టు: వచ్చేవాళ్లను కప్పలనడం ఆ పద్యంతోనే మనకు అలవాటైంది. కప్పలు చెరువు నిండితే చేరతాయి, వీళ్లు చెరువు ఎండితే కదిలారు. నాకు పోతన్న కావాలి. రాళ్లవానకు నిలువనీడ లేని జనాన్ని కొండ కిందికి పిలుస్తూ భాగవతంలో కృష్ణుడనే ‘నా కేలల్లాడదు బంధులార నిలుడీ క్రిందం బ్రమోదంబునన్’. శతకంలో బంధువులంటే కప్పలు, ఇక్కడ నీడకు పిలుపు అందుకున్నవాళ్లు. ఆ ‘బంధులార’ దగ్గర నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది.

నిఘంటువు: ‘నిలుడీ’ని ఎలా విడదీస్తారు? నిలుడు, ఈ క్రిందన్ అనా? లేక పిలుపులో వచ్చిన దీర్ఘమా?

ఏటిగట్టు: పిలుపే.

యతిమైత్రి: ‘ఈ క్రిందన్’. చెయ్యెత్తి చూపిస్తున్నాడు కదండీ.

తొలకరి: పిలుపైతే వ్యాసం మొదట అదే పెడతాను, ‘జొరకుము’ వదిలేస్తాను. పాతపుస్తకం గారూ, మీ దగ్గరున్న వ్యాఖ్యానంలో ఎలా విడదీశారో చూసి చెప్తారా?

పాతపుస్తకం: చూస్తాను. ముందు ఆ ‘ఎప్పుడు’ వైద్యుడిదని ఒక్కరైనా ఒప్పుకోండి.