అప్‌డేట్: నాలుగు రెడ్ ఇంక్ ఎంట్రీలు, డిశ్చార్జ్, పెన్షన్

మద్యం కేసుల్లో నాలుగు రెడ్ ఇంక్ ఎంట్రీలు (శిక్ష పడ్డాక సర్వీసు రికార్డులో ఎర్ర ఇంకుతో రాసేవి) పడిన జవానును పెన్షన్‌కు ముందే ఇంటికి పంపేయొచ్చా అని అడిగాను. జవాబులు చెప్పినవాళ్లకు థ్యాంక్స్. కాగితాలన్నీ చూశాక తేలింది ఇదీ.

ఆర్మీ యాక్ట్ సెక్షన్ 48 ప్రకారం తాగి దొరకడం డ్యూటీలో లేనప్పుడు కూడా నేరమే. అయితే డిశ్చార్జ్ (సర్వీసు నుంచి పంపేయడం) జరిగేది ఆర్మీ రూల్స్ 1954లోని రూల్ 13 కింద. నాలుగు ఎంట్రీలు పడగానే పంపేయాలని అందులో ఎక్కడా లేదు. యూనిట్లలో మాత్రం అదే రూల్ అన్నట్టు మాట్లాడతారు! 1988 డిసెంబర్ 28 నాటి ఆర్మీ హెడ్‌క్వార్టర్స్ లెటర్ ప్రకారం ముందు విచారణ, తర్వాత షోకాజ్ నోటీసు. సర్వీసు ఎంత, కష్టమైన ప్రాంతాల్లో చేసిన హార్డ్ పోస్టింగులు ఎన్ని, పెన్షన్‌కు ఎంత దగ్గర అన్నవీ చూడాలి. ఇది తప్పనిసరని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ 2019లో అదే కోర్టు, ఆ విచారణ కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీయే (ఆర్మీ లాంఛనంగా జరిపే విచారణ) కానక్కర్లేదు, నోటీసిచ్చి జవాబు పరిశీలిస్తే చాలంది. కాబట్టి షోకాజ్ జవాబు మీదే కేసు నిలుస్తుంది. రెండు లైన్ల క్షమాపణ రాసి ఊరుకోవద్దు.

15 ఏళ్ల క్వాలిఫయింగ్ సర్వీసు (పెన్షన్‌కు లెక్కలోకి వచ్చే సర్వీసు) నిండితే ఈ డిశ్చార్జ్‌కి పెన్షన్ ఆగదు. డిస్మిసల్ (శిక్షగా ఉద్యోగం నుంచి తీసేయడం) వేరు. తుది ఆర్డర్ వచ్చాక సైనికుల సర్వీసు కేసులు వినే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి గడువు 6 నెలలు.