మండలమంతా తిరిగే ప్రత్యేక ఉపాధ్యాయులది ఏ బడి?

చుక్కల లిపి:
పదకొండేళ్లుగా ఐఈఆర్‌పీని, అంటే వైకల్యమున్న పిల్లలకు బడి బడికీ తిరిగి చదువు చెప్పే టీచర్ని. ఆ పిల్లల కోసం పెట్టిన భవిత కేంద్రం ఒక బడి ఆవరణలో ఉంది. పిల్లలేమో తొమ్మిది బళ్లలో ఉన్నారు, మంచం దిగలేని ఇద్దరు ఇళ్లలోనే. ఎక్కడికి వెళ్లినా ‘భవిత మేడమ్ వచ్చారు’ అని కుర్చీ వేస్తారు, టీ తెప్పిస్తారు. చుట్టానికి చేసే మర్యాదలన్నీ చేస్తారు. పరీక్షల ఏర్పాట్లు మాట్లాడుకునేటప్పుడు మాత్రం పిలవరు. చూపు లేని పిల్లవాడికి పరీక్ష రాసిపెట్టే లేఖకుడు కావాలన్న సంగతి ముందురోజు నేను ఫోను చేస్తే గాని గుర్తుకు రాదు. అందుకే మమ్మల్ని ఒక్కో బడికి కేటాయించాలంటున్నాను. ప్రాథమిక తరగతుల్లో ఇలాంటి పిల్లలు పది మందికి ఒక ప్రత్యేక టీచరు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒక టీచరు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది కదా.

బడిగంట:
హెచ్‌ఎంగా అడుగుతున్నాను. మా బడిలో అలాంటి పిల్లలు ముగ్గురే. ఆ లెక్కన మాకు పోస్టు రాదు. మీరు పక్క ఊరి హైస్కూల్లో కుదురుకుంటే మా ముగ్గురి గతేమిటి? ఇంకో సంగతి, మొహమాటం లేకుండా చెబుతాను. ఇద్దరే టీచర్లున్న బడికి మిమ్మల్ని ఇస్తే, ఒకరు సెలవు పెట్టిన రోజున మూడో తరగతి మీకే అప్పజెబుతాను. తప్పని తెలిసీ అప్పజెబుతాను.

రెండు బస్సులు:
హెచ్‌ఎం గారి నిజాయితీకి దండం. అయినా మీరిద్దరూ అసలు విషయం వదిలేశారు. తెలంగాణ 2024 డీఎస్సీలో ప్రత్యేక విద్యకు 796 ఎస్జీటీ, 220 స్కూల్ అసిస్టెంట్ పోస్టులు చూపించారు. అలా చేరినవారు ఒక్క బడిలో ఉన్నా, నాలుగు తిరిగినా ఉపాధ్యాయులే. కాంట్రాక్టు మీద ఉన్న నన్ను, ప్రత్యేక ఉపాధ్యాయులను నమోదు చేసే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి)లో పేరున్నా, ‘మీరు ఏ ఆఫీసు నుంచి?’ అని అడుగుతారు. నాకు తిరుగుడు కష్టం కాదు, ఆ ప్రశ్నే కష్టం.

చుక్కల లిపి:
పోస్టు రెగ్యులర్ అయితే పిలుస్తారంటారా? నాకు నమ్మకం లేదు. అయితే ముగ్గురు పిల్లల లెక్కకు నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటాను. కేటాయింపు మాట వెనక్కి తీసుకుంటున్నాను. తిరుగుతాం. కానీ ప్రతి బడి పరీక్షల సమావేశానికీ మమ్మల్ని రాతపూర్వకంగా పిలవాలి.

ఒక అమ్మ:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా పాపకు అక్షరాలు నేర్పింది వారానికోసారి వచ్చే మేడమే. ప్రోగ్రెస్ కార్డులో క్లాస్ టీచరు సంతకం ఉంది, హెచ్‌ఎం సంతకం ఉంది. ఆవిడది ఎందుకు లేదండీ?

బడిగంట:
ఆ కార్డులో అందుకు చోటే లేదమ్మా. ఈసారి నా సంతకం పక్కన పెట్టిస్తాను.